ప్రియరాజు పేరు వెంట ఏడు రోజులు

లైప్‌జిగ్‌లో మా తమ్ముడు అద్దెకుంటున్న ఇంటి యజమాని ఎనభై ఏళ్లు దాటిన పెద్దమనిషి. వీధిలో అందరూ ఆయనను ఫ్రిట్స్ అనే పిలుస్తారు. అద్దె కాగితం మీద మాత్రం ఫ్రీడ్రిష్ అని ఉంది. ఈయనకు రెండు పేర్లా అని నేను అడిగితే, "ఒకటే పేరు అక్కా, మన వేంకటేశ్వర్లు వెంకన్న అయినట్టు" అన్నాడు తమ్ముడు. ముప్పై ఏళ్లు సంస్కృతం చెప్పిన దానిని కనుక పేరు వినగానే దాని ధాతువు ఏమిటని వెతకడం నాకు అలవాటు. ప్రాచీన జర్మన్‌లో ఫ్రిదు అంటే శాంతి, రక్షణ. రీహి అంటే ఏలిక, బలవంతుడు. మొదటి మాటకు మూలమైన ధాతువు, మన ప్రియం, ప్రీతి అనే మాటలకు మూలమైన ధాతువు ఒక్కటే. రెండో మాటను జర్మన్ల పూర్వులు సెల్టిక్ భాషల నుంచి తెచ్చుకున్నారు. లాటిన్‌లో రెక్స్, సంస్కృతంలో రాజన్ దానికి బంధువులే. అంటే మన చరిత్ర పుస్తకాల్లో ఫ్రెడరిక్ అని చదువుకున్న ఈ పేరును ధాతువుల వెంట వెళ్లి పలికితే ప్రియరాజు అవుతుంది. శాంతిని, రాజ్యాన్ని ఒకే మాటలో కట్టిపెట్టిన ఈ పేరును ఎవరెవరు మోశారో, అది వారికి ఎలా వచ్చిందో వారి ఊళ్లలోనే చూడాలనిపించింది. మే నెల మొదటి వారమంతా ఆ పని మీదే తిరిగాను.

మొదటి రోజు: బెర్లిన్, పోట్స్‌డామ్

బెర్లిన్ విమానాశ్రయం నుంచి వచ్చిన రైలు నన్ను దించిన స్టేషన్ పేరే ఫ్రీడ్రిష్‌ష్ట్రాసె, అంటే ఫ్రీడ్రిష్ వీధి. మూడు కిలోమీటర్లకు పైగా సాగే ఆ వీధికి పేరిచ్చినవాడు బ్రాండెన్‌బుర్గ్ పాలకుడు మూడో ఫ్రీడ్రిష్. 1701లో రాజుగా కిరీటం పెట్టుకొని ఆయనే ప్రష్యా అనే జర్మన్ రాజ్యానికి మొదటి ఫ్రీడ్రిష్ అయ్యాడు. నగరం రెండుగా చీలిన కాలంలో ఈ స్టేషన్ సరిహద్దు దాటే చోటు. తూర్పున ఉండిపోయేవారు పడమటికి వెళ్లే తమవారిని సాగనంపిన హాలును జనం కన్నీటి భవనం అని పిలిచారు. అది ఇప్పుడు మ్యూజియం. శాంతి అనే మాట పొదిగి ఉన్న వీధిలో అంత దుఃఖం పారిందన్న తలపు ఆ రోజంతా నన్ను వదలలేదు.

దగ్గరలోనే ఉంటర్ డెన్ లిండెన్ వీధి నడుమ ప్రష్యా రాజు మహా ఫ్రీడ్రిష్ అశ్వారూఢ విగ్రహం ఉంది. శిల్పి రౌఖ్ చేసిన ఈ కంచు విగ్రహాన్ని 1851లో ఆవిష్కరించారు. పీఠం చుట్టూ ఆ కాలపు ప్రముఖులను నిలువెత్తున చెక్కారు. అయితే ముందు వైపు సేనానులు ఉంటే, కాంట్, లెస్సింగ్ వంటి ఆలోచనాపరులకు గుర్రం తోక కింద చోటు దొరికింది. నేను అటువైపే ఎక్కువసేపు నిలబడ్డాను.

మధ్యాహ్నం పోట్స్‌డామ్ చేరాను. ద్రాక్షతోట మెట్ల మీద 1745 నుంచి 1747 వరకు ఈ రాజు కట్టించుకున్న మేడ పేరు సాన్‌సూసీ. ఆ ఫ్రెంచి మాటకు నిశ్చింత అని అర్థం. ఆయనకు తల్లిభాష కంటే ఫ్రెంచి మీదే మక్కువ. సంతకం కూడా ఫెడెరిక్ అని పెట్టేవాడు. తన కుక్కల పక్కనే, ఈ మేడ ముంగిటనే తనను పూడ్చాలని రాసిపెట్టి 1786 ఆగస్టు 17న కన్నుమూశాడు. తరువాత గద్దెనెక్కినవాడు ఆ మాట పాటించక, ఏ తండ్రి చేతుల్లో ఆయన చిన్ననాడు నలిగిపోయాడో ఆ తండ్రి పక్కనే చర్చిలో ఉంచాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పేటికను ఒక గనిలో దాచారు. ఆ తరువాత మార్‌బుర్గ్‌కు, అక్కడి నుంచి హోహెన్‌ట్సోలెర్న్ కోటకు చేర్చారు. చివరకు జర్మనీ ఒకటయ్యాక, 1991లో సరిగ్గా ఆయన పోయిన తేదీననే, కోరుకున్న చోటికి తెచ్చారు.

సమాధి అంటే నేలమట్టాన ఒక రాతి పలక, దాని మీద పేరు, అంతే. దాని మీద బంగాళాదుంపలు ఉన్నాయి. ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. ఒకటి కడిగి తెచ్చినట్టు నున్నగా ఉంది. ఒకదానికి మన్ను అలాగే అంటి ఉంది. ఇంకొకటి ఎన్నాళ్లుగా పడి ఉందో, కళ్ల దగ్గర ఊదారంగు మొలకలు వేసింది. రైతులు ఈ దుంపను సాగు చేయాలని ఆయన 1756 మార్చిలో తాకీదు పంపాడు. జనం దానిని ఇప్పటికీ తలుచుకుంటూ పువ్వుల బదులు దుంపలు పెట్టి వెళతారు. అదే 1756 ఆగస్టులో సాక్సనీ మీదికి సేనను నడిపి ఏడేళ్ల యుద్ధానికి తెర తీసినవాడూ ఆయనే. యుద్ధానికి ఎవరూ ఏమీ తెచ్చి పెట్టలేదు, తిండి పెట్టిన తాకీదుకే పెట్టారు. నాకు అది చాలా న్యాయంగా తోచింది.

అదే తోట అంచున శాంతి చర్చి ఉంది. 1888లో 99 రోజులే చక్రవర్తిగా ఉన్న మూడో ఫ్రీడ్రిష్ దాని పక్క మందిరంలో ఉన్నాడు. గొంతు క్యాన్సర్‌తో మాట పోయి, చీటీల మీద రాసి చూపుతూ రాజ్యం చేసిన మనిషి. పేరుకు తగినట్టు ఏలగలిగేవాడేమో అని జర్మన్లలో ఎందరో తలపోసినది ఈయన గురించే.

రెండో రోజు: విట్టెన్‌బెర్గ్, డెసౌ

దారి పొడవునా రేప్ చేలు పూసి ఉన్నాయి. రైలు కిటికీలోంచి చూస్తే మన ఆవచేల పసుపే.

విట్టెన్‌బెర్గ్ కోట చర్చి ముందు 1517 నాటి కథ చెప్పించుకోవడానికి పెద్ద గుంపు ఉంది. రోము చర్చిని ప్రశ్నిస్తూ ఈ తలుపుకు తొంభై అయిదు వాదాలు అంటించాడని చెప్పే మార్టిన్ లూథర్ పేరు అందరికీ తెలుసు. ఆ లూథర్ ప్రాణాలతో మిగలడానికి కారణమైన సాక్సనీ పాలకుడు, వివేకి అని బిరుదు పొందిన ఫ్రీడ్రిష్ గురించి అడిగేవారు తక్కువ. 1502లో ఈ ఊళ్లో విశ్వవిద్యాలయాన్ని స్థాపించింది ఆయనే. 1521లో లూథర్ మీద చక్రవర్తి ఆగ్రహం విరుచుకుపడబోతుంటే, దారిలో ఎత్తుకుపోయినట్టు నటింపజేసి వార్ట్‌బుర్గ్ కోటలో దాచింది ఆయనే. కత్తి దూయకుండా, ఒకవైపు రోముకు, మరోవైపు చక్రవర్తికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాయిస్తూ, కాలం గడిపి కాపాడాడు. విచిత్రమేమిటంటే ఆయన వేలాది పవిత్ర అవశేషాలను భక్తితో సేకరించి పెట్టుకున్న పాతకాలపు క్రైస్తవుడు. లూథర్‌తో వ్యవహారమంతా తన కార్యదర్శి ష్పలాటిన్ చేత నడిపించాడు. నేను చూసిన ప్రియరాజుల్లో పేరుకు న్యాయం చేసిన పాలకుడు ఈయనే అని నా నమ్మకం. 1525లో మరణించిన ఆయన సమాధి బలిపీఠం దగ్గరే ఉంది.

ఈ చర్చి తలుపుకు మరో ఇద్దరు ఫ్రీడ్రిష్‌లతో సంబంధం ఉంది. వివేకి కాలపు కొయ్య తలుపు 1760లో, పోట్స్‌డామ్‌లో దుంపల కింద పడుకున్న రాజు మొదలుపెట్టిన ఏడేళ్ల యుద్ధంలో, చర్చితో పాటు కాలిపోయింది. ఇప్పుడున్న కంచు తలుపులు 1858లో నాలుగో ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ చేయించినవి. లూథర్ తొంభై అయిదు వాదాలు వాటి మీద అచ్చుదిద్ది ఉన్నాయి. ఒక ఫ్రీడ్రిష్ నిలబెట్టినది ఒకరి యుద్ధంలో తగలబడితే మరొకరు బాగుచేశారన్నమాట.

సాయంకాలం డెసౌలో దిగాను. 1823 డిసెంబరు 6న ఇక్కడ పుట్టిన పిల్లవాడి పేరు ఫ్రీడ్రిష్ మాక్స్ ముల్లర్. మన దేశంలో మాక్స్ ముల్లర్ అనగానే తలలు ఊపుతారు కాని, ముందున్న ఫ్రీడ్రిష్ ఎవరికీ గుర్తుండదు. సాయణ భాష్యంతో ఋగ్వేదాన్ని 1849 నుంచి 1874 వరకు ఆరు సంపుటాలుగా ఆక్స్‌ఫర్డ్ నుంచి వెలువరించిన ఈ మనిషి ఒక్కసారి కూడా భారతదేశానికి రాలేదు. నేను చదువుకున్నది ఆ సంపుటాల పునర్ముద్రణలోనే. 1945 మార్చి 7 బాంబు దాడిలో డెసౌ పాత పట్టణం చాలా వరకు నేలమట్టమైంది. ఆ పిల్లవాడు తిరిగిన వీధుల ఆనవాలు వెతకడం వృథా అని తెలిసి కూడా చీకటిపడేదాకా నడిచాను.

మూడో రోజు: హాలె

లైప్‌జిగ్ నుంచి హాలెకు అరగంట. 1685 ఫిబ్రవరి 23న ఇక్కడ క్షురక వైద్యుడి ఇంట పుట్టిన సంగీతకర్త గేయార్గ్ ఫ్రీడ్రిష్ హెండెల్ ఇంగ్లండులో స్థిరపడి, 1727లో అక్కడి పౌరుడై, పేరును జార్జ్ ఫ్రెడరిక్‌గా మార్చుకున్నాడు. పుట్టిన ఇల్లు 1948 నుంచి మ్యూజియం. బజారు నడుమ 1859లో నిలిపిన కంచు విగ్రహం ఉంది. ఆయనకు జ్ఞానస్నానం చేయించిన తొట్టి ఆ బజారు చర్చిలో ఇంకా ఉంది. పేరు పెట్టిన చోటు అదే కదా అని దాని కంచు అంచు మీద చేయి వేసి కాసేపు నిలబడ్డాను. చల్లగా, కొంచెం గరుకుగా తగిలింది.

అయితే హాలెలో నన్ను పట్టి ఉంచినవి ఫ్రాంకె సంస్థలు. 1698లో అనాథ బాలల కోసం మొదలైన ఈ పొడవాటి భవనాల వరుసకు, మన తూర్పు తీరానికి ఉన్న బంధం ఒక ఫ్రెడెరిక్ వల్లనే ఏర్పడింది. డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడెరిక్ పంపిన మతప్రచారకులు 1706లో తరంగంబాడిలో దిగారు. వారికి మనుషులను, పుస్తకాలను, డబ్బును సమకూర్చిన కేంద్రం హాలె. (అయిదో ఫ్రెడెరిక్ కాలంలో డేనులు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌కు ఫ్రెడెరిక్స్‌నగర్ అని పేరు పెట్టారు. మన నగర్‌తో ఈ పేరు అతికిన ఊరు అది.) మద్రాసులో తెలుగు నేర్చుకున్న మతప్రచారకుడు బెంజమిన్ షుల్జ్ 1743లో అక్కడి నుంచి బయలుదేరి హాలెకు తిరిగివచ్చి, 1746, 1747 సంవత్సరాల్లో ఇక్కడే తెలుగు అక్షరాలతో క్రైస్తవ గ్రంథాలు అచ్చువేయించాడు. తెలుగు ముద్రణ కథ చెప్పేవారు సాధారణంగా మొదలుపెట్టేది ఇక్కడి నుంచే. మన అక్షరం సీసపు అచ్చుగా మారిన ఊరిలో, ఆనాటి గ్రంథాలయం చెక్క అరల మధ్య నిలబడినప్పుడు నాకు గొంతు పూడుకుపోయింది. పై అంతస్తులోని వింత వస్తువుల గదిలో మన దేశం నుంచి పంపిన సామగ్రి కూడా ఉంది.

ఆ 1746లోనే హాలె విశ్వవిద్యాలయంలో చేరి, షుల్జ్ దగ్గర తమిళం నేర్చుకున్న ఇరవై ఏళ్ల యువకుడి పేరు క్రిస్టియాన్ ఫ్రీడ్రిష్ ష్వార్ట్స్. 1750లో తరంగంబాడి చేరి, మళ్లీ స్వదేశం చూడకుండా 1798లో తంజావూరులో మరణించాడు. 1779లో కుంపెనీ వారు హైదర్ అలీ మనసు తెలుసుకోవాలనుకొని, ఆయన నమ్ముతాడన్న ధైర్యంతో ఈ పాదిరీనే శ్రీరంగపట్నానికి పంపారు. తాను చదివించి కాపాడిన శరభోజికి తంజావూరు గద్దె దక్కడంలో ఆయన చేయి ఉంది. శరభోజి చేయించి పెట్టిన చలువరాతి ఫలకంలో, మంచం మీదున్న ముసలి గురువు చేతిని యువరాజు పట్టుకొని నిలబడి ఉంటాడు. ముప్పై ఏళ్ల కిందట తంజావూరులో దానిని చూసినప్పుడు ఈ పేరు మీద నా దృష్టి పడలేదు. ఆ రాత్రి తమ్ముడి ఇంట్లో ఫ్రిట్స్ గారికి ఈ కథ చెబితే, తన ముత్తాత పేరు కూడా క్రిస్టియాన్ ఫ్రీడ్రిష్ అని చెప్పి, చాలాసేపు కాఫీ తాగకుండా కూర్చున్నారు.

నాలుగో రోజు: ర్యోకెన్

లుట్సెన్ దగ్గర బస్సు తప్పిపోయి, చేల మధ్య దారిన నడిచి వెళ్లాను. ర్యోకెన్ చిన్న పల్లె. చర్చి, దాని పక్కన పాస్టర్ ఇల్లు, వాటి చుట్టూ చెట్లు. 1844 అక్టోబరు 15న ఆ ఇంట్లో మగబిడ్డ పుట్టాడు. ఆ రోజే నాలుగో ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రాజు పుట్టినరోజు కూడా. ఆ రాజంటే గౌరవమున్న తండ్రి బిడ్డకు రాజు పేరే పెట్టుకున్నాడు. తత్త్వవేత్త ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ నీషే ఆ పేరులో రెండో భాగాన్ని తరువాత విడిచిపెట్టాడు. విట్టెన్‌బెర్గ్ చర్చికి కంచు తలుపులు చేయించిన రాజు పేరును, దేవుడు చనిపోయాడని రాసిన మనిషి మోయడం నన్ను కలవరపెట్టింది. తండ్రి ఆయన అయిదో ఏటనే పోయాడు.

1900 ఆగస్టు 25న వైమార్‌లో మరణించిన నీషేను తెచ్చి ఈ చర్చి గోడ పక్కనే పెట్టారు. అదే ఏడాది అక్టోబరులో మాక్స్ ముల్లర్ ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశాడు. సమాధి రాయి అంచు పగుల్లో నాచు పట్టి ఉంది. ఎవరో ఒక గులకరాయి కింద చీటీ పెట్టి వెళ్లారు. చదవకూడదనిపించి ముట్టుకోలేదు.

అయిదో రోజు: యేనా

ఈ ప్రయాణంలో నేను ఎక్కువగా ఎదురుచూసిన ఊరు యేనా. బజారులో కత్తి, పుస్తకం పట్టుకున్న లావుపాటి విగ్రహాన్ని ఊరంతా హాన్‌ఫ్రీడ్ అని ముద్దుగా పిలుస్తారు. యోహాన్ ఫ్రీడ్రిష్ అనే పేరును కుదిస్తే అలా వచ్చింది. ఈయన విట్టెన్‌బెర్గ్ వివేకికి తమ్ముడి కొడుకు. 1547లో ముల్‌బెర్గ్ యుద్ధంలో ఓడి, పెత్తండ్రి స్థాపించిన విశ్వవిద్యాలయాన్ని, ఊరితో సహా పోగొట్టుకొని, చెరలో ఉంటూనే యేనాలో కొత్త విద్యాలయానికి పునాది వేయించాడు. రాజ్యం పోయిన మనిషి చదువును తిరిగి నిలబెట్టుకోవాలనుకున్నాడు. విగ్రహాన్ని 1858లో చేసిన శిల్పి పేరూ ఫ్రీడ్రిష్ డ్రాకెయే.

ఆ విద్యాలయం ఇప్పుడు ఫ్రీడ్రిష్ షిల్లర్ పేరు మీద ఉంది. కవిగా పేరు పొందిన షిల్లర్ 1789 మే 26న ఇక్కడ ఆచార్యుడిగా తొలి ఉపన్యాసం ఇచ్చాడు. అనుకున్న గది విద్యార్థులకు చాలక, ఊళ్లోని పెద్ద గదికి అందరూ వీధి వెంట పరుగెత్తారట. ఆ తరువాతి పదిహేనేళ్లలో ఈ చిన్న ఊరికి వచ్చిన వారి పేర్లు వరుసగా రాసుకుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. కవి ఫ్రీడ్రిష్ హోల్డర్‌లిన్, విమర్శకుడు ఫ్రీడ్రిష్ ష్లేగెల్, తత్త్వవేత్త ఫ్రీడ్రిష్ షెల్లింగ్, ఆయన స్నేహితుడు గేయార్గ్ విల్‌హెల్మ్ ఫ్రీడ్రిష్ హేగెల్. నోవాలిస్ అనే కలం పేరు వెనకున్న హార్డెన్‌బెర్గ్ కూడా ఫ్రీడ్రిషే, ఇంట్లో అతనిని ఫ్రిట్స్ అనేవారు. వీరు పుట్టిన కాలానికి ప్రష్యాలోని మహా ఫ్రీడ్రిష్ ఇంకా బతికే ఉన్నాడు. ఒక జర్మన్ ఇంట్లో బిడ్డకు రెండు మూడు పేర్లు పెడితే వాటిలో ఈ పేరు ఉండడం అప్పుడు సహజం. మనం తాత పేరు పెట్టుకున్నట్టు వారూ తాత పేరో, జ్ఞానస్నానంనాడు పట్టిన పెద్దల పేరో, ఏలిన రాజు పేరో పెట్టుకున్నారు. ఇన్నిట్లో ఏ పేరుతో పిలవాలన్నది ఇంటివారి ఇష్టం. హేగెల్‌ను ఇంట్లో విల్‌హెల్మ్ అనే పిలిచేవారు.

వీరిలో ష్లేగెల్ మనకు బాగా దగ్గరివాడు. యేనా మిత్రబృందం చెదిరిపోయాక పారిస్ వెళ్లి, మన దేశంలో పనిచేసి వచ్చిన అలెగ్జాండర్ హామిల్టన్ దగ్గర సంస్కృతం నేర్చుకొని, 1808లో భారతీయుల భాషను, జ్ఞానాన్ని గురించి పుస్తకం వెలువరించాడు. 1811లో ఇక్కడ ఉపన్యాసకుడైన ఫ్రీడ్రిష్ రుకెర్ట్ తరువాతి కాలంలో నలదమయంతుల కథను జర్మన్ పద్యంలోకి తెచ్చాడు. అది అచ్చయినది 1828లో. నన్నయ్య పద్యాల్లో ఆ కథ చెప్పిన నాకు అతడు పొరుగింటివాడిలా అనిపించాడు.

షిల్లర్ 1797లో కొనుక్కున్న తోట ఇంటిలో, చెట్ల కింద కోడిగుడ్డు ఆకారపు రాతి బల్ల ఉంది. దాని దగ్గర కూర్చొని షిల్లర్, కవి గోథె ఎన్నో మంచి మాటలు మాట్లాడుకున్నారు. బల్ల అంచు అరిగి నున్నబడింది. పైన నీటి మరక, దానిలో రెండు ఆకులు. 1806 అక్టోబరులో ఇదే ఊరిని నెపోలియన్ ముంచెత్తి మూడో ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ సేనను ఓడించాడు. అప్పుడు హేగెల్ తన తొలి మహాగ్రంథం చివరి పుటలను ముగిస్తున్నాడు. రాజు ఫ్రీడ్రిష్ ఓడిన రోజుల్లోనే పంతులు ఫ్రీడ్రిష్ పని పూర్తయింది. ఇన్నాళ్లుగా నేను వెతుకుతున్నది ఇదేనేమో అనుకున్నాను. ఈ పేరు కోటల్లోంచి దిగివచ్చి, క్షురక వైద్యుడి ఇంట, పాస్టర్ ఇంట, ఉద్యోగి ఇంట చేరి అక్కడ వేరే రకం ఏలుబడి నేర్చుకుంది.

ఆరో రోజు: వైమార్, బాడ్ బ్లాంకెన్‌బుర్గ్

వైమార్ రాజకుటుంబపు సమాధి మందిరంలో గోథె పక్కన షిల్లర్ పేటిక ఉంది. 1805లో మరణించిన షిల్లర్‌వే అనుకున్న ఎముకలు ఆయనవి కావని 2008లో డీఎన్‌ఏ పరీక్ష తేల్చింది. అందుకని పేటికను ఖాళీగానే ఉంచారు. నాటకశాల ముందున్న జంట విగ్రహం దగ్గర పిల్లలు ఫొటోలు దిగుతున్నారు. జర్మనీ తొలి అధ్యక్షుడిగా ఫ్రీడ్రిష్ ఎబెర్ట్‌ను 1919లో ఎన్నుకున్నది ఈ నాటకశాలలోనే. దర్జీ కొడుకు ఆయన, తాను గుర్రపు జీనులు కుట్టే పని నేర్చినవాడు.

మధ్యాహ్నం బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ వెళ్లాను. చిన్నపిల్లల బడికి ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ 1840లో కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన ఊరు ఇది. మ్యూజియంలో ఆయన రూపొందించిన ఆటవస్తువులు ఉన్నాయి: నూలుతో అల్లిన రంగుల బంతులు, కొయ్య గోళం, ఘనం, స్తూపం. ఘనం అంచులు పిల్లల చేతుల్లో నలిగి గుండ్రబడ్డాయి. 1851లో ప్రష్యా ప్రభుత్వం ఈ బడులను నిషేధించింది. గద్దె మీద ఉన్నది ఆ నాలుగో ఫ్రీడ్రిష్ విల్‌హెల్మే. ఫ్రోబెల్ మరుసటి ఏడాది ఆ బాధతోనే పోయాడు. నిషేధం ఎత్తివేయడం ఆయన చూడలేదు, అది 1860లో జరిగింది.

ఏడో రోజు: క్యుఫ్‌హోయ్‌జర్

ఆదివారం కనుక తమ్ముడు క్యుఫ్‌హోయ్‌జర్ కొండకు కారులో తీసుకువెళ్లాడు. ఎర్రగడ్డపు చక్రవర్తి ఫ్రీడ్రిష్ బార్బరోసా మూడో క్రూసేడు అనే మతయుద్ధానికి వెళుతూ 1190 జూన్ 10న, నేటి టర్కీలోని ఒక నదిలో మునిగి మరణించాడు. ఆయన చావలేదని, ఈ కొండ లోపల రాతి బల్ల ముందు నిద్రపోతున్నాడని, గడ్డం బల్ల చుట్టూ పెరుగుతోందని, కొండ మీద బొంతకాకులు ఎగిరినంత కాలం లేవడని జనం చెప్పుకున్నారు. ఈ కథ మొదట ఆయన మనవడు రెండో ఫ్రీడ్రిష్‌ది. తరువాత తాతకు అతుక్కుంది. పేరు ఒక్కటే కావడంతో కథ చేయి మారడం తేలికైంది. దానిని 1817లో పద్యంగా రాసి ఇంటింటికీ చేర్చినవాడు, నలదమయంతుల కథను అనువదించిన ఆ రుకెర్టే.

1896లో పూర్తయిన 81 మీటర్ల స్మారకం కింద ఎర్రరాతి బార్బరోసా కూర్చొని ఉన్నాడు. ఒక చేయి గడ్డాన్ని పట్టుకొని ఉంది, కళ్లు అప్పుడే తెరుచుకుంటున్నట్టు చెక్కారు. పైన గుర్రం మీద మొదటి విల్‌హెల్మ్ చక్రవర్తి. నిద్ర లేచే రాజు కల ఈ దేశాన్ని ఎక్కడికి లాక్కుపోయిందో తలచుకుంటే నాకు ఆ చూపు భయం కలిగించింది. 1941లో సోవియట్ దేశం మీద దాడికి పెట్టిన గుప్తనామం బార్బరోసా. ప్రియరాజు పేరు మోసిన మనిషి గడ్డాన్ని అరువు తెచ్చుకొని చేసిన మారణహోమం అది.

"అక్కా, కాకులు ఉన్నాయా చూడు" అన్నాడు తమ్ముడు. తలెత్తి చూశాను. బురుజు అంచున రెండు ఉన్నాయి. మేము మెట్లు దిగేసరికి ఒకటి లేచి, లోయ మీదుగా పసుపు చేల వైపు ఎగిరిపోయింది. రెండోది అక్కడే ఉంది.